పలుపు లేకుండా అమ్మిన కారు

మోకాళ్ళు పోయింది మా ఆయనకు. నాకు కాదు. ఇంత చిన్న సంగతి మా ఇంట్లో ఒక్కరి బుర్రకూ ఎక్కలేదు. అందుకే కారు అమ్మారు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

రెండువేల ఆరు వానాకాలంలో పాల్వంచలో ఇంటింటికీ చికెన్‌గున్యా వచ్చింది. మా వీధిలో గోడ పట్టుకోకుండా నడిచిన మనిషి లేడు. అందరికీ మెల్లగా తగ్గింది. మా ఆయన మోకాళ్ళు మాత్రం అట్లాగే బిగుసుకుపోయాయి. ఖమ్మం దవాఖానాలో చూపించాం, భద్రాచలంలో ఎవరో పసరు పోస్తారంటే అక్కడికీ పోయాం. మంచం మీద నుంచి లేస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, అంతకంటే కిందికి వంగలేడు. మాకున్నదేమో నేలకు జానెడు ఎత్తులో ఉండే కారు. ఎక్కడమంటే పీట మీద కూర్చున్నట్టే, దిగడమంటే పీట మీద నుంచి లేచినట్టే. ఒకరోజు కిన్నెరసాని డ్యాం దగ్గర దిగబోయి దిగలేక, నేను చంకల కింద చేతులు వేసి బయటికి లాగాను. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ, "ఇగ అమ్మేద్దాం" అన్నాడు. "అమ్ముదామా?" అని అడగలేదు. అమ్మేద్దామని చెప్పాడంతే.

అది మామూలు కారు కాదు. ఎప్పుడో మా ఊరి ఫ్యాక్టరీలో మిషన్లు బిగించడానికి వచ్చిన ఒక ఇంగ్లీషు ఇంజనీరు దాన్ని ఇక్కడే వదిలేసి పోయాడట. గెస్ట్‌హౌసు వెనక రేకుల షెడ్డులో తుప్పు పట్టి, లోపల తీగలు మొలిచి ఉండేది. తుక్కు వేలంలో ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మా ఆయన అదే ఫ్యాక్టరీ వర్క్‌షాపులో ఫిట్టరు. తుక్కు ధరకే కొని, ట్రాక్టరు ట్రక్కులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. రెండే సీట్లు, పైన కప్పు లేదు, సైకిలుకు ఉన్నట్టు చక్రాలకు పుల్లలు. ఆ సామానంతా వాకిట్లో దించుతుంటే నాకు ఏడుపొచ్చింది. నా వడియాలు ఎండబెట్టుకునే జాగా పోయింది మరి.

ఇంజను పని ఆయనది. దానిలో నా చెయ్యి లేదు, ఉందని ఎప్పుడూ చెప్పలేదు. కొన్ని సామాన్లు మద్రాసు నుంచి తెప్పించాడు, కొన్ని లేతు మీద తనే తీశాడు. ఏళ్ళ తరబడి సెలవు రోజంటే ఆయన కాళ్ళు మాత్రమే నాకు కనపడేవి. మిగతా మనిషి కారు కింద ఉండేవాడు.

సీట్లు మాత్రం నావి. నేను దర్జీపని చేస్తాను. కాలనీలో సగం మంది ఆడవాళ్ళ జాకెట్లు నా మిషను మీద నుంచే పోయాయి. ఆ కారుకున్న పాత తోలు చెయ్యి పెడితే పొడి పొడిగా రాలేది. దాన్ని చింపకుండా, ఒక్కొక్క కుట్టూ విప్పి, ముక్కలు పేపరు మీద పరిచి కొలతలు తీశాను. విజయవాడ పోయి మెరూను రంగు తోలు నేనే ఎంచి తెచ్చాను. మందమైన సూది వేసినా తోలుకు పటపటా విరిగేది. విరిగినప్పుడల్లా ఆయన కారు కింద నుంచి "ఇంకోటి పోయిందా?" అని నవ్వేవాడు. సీటు మీద పొడుగ్గా గొట్టాల్లాంటి గీతలు ఉంటాయి, వాటిలో దూది కూరాలి. స్పాంజి పెడితే ఎండకు ఉడికిపోతుందని, సంతలో అడవి పల్లెల ఆడవాళ్ళు అమ్మే బూరుగు దూది కొని, గింజలు ఏరి కూరాను. అంచుకు జాకెట్టు చేతికి వేసినట్టే పైపింగు వేశాను. పైన వేసే కాన్వాసు టాపు కూడా నేనే కుట్టాను. వాన మొదలైతే బండి దిగి టాపు ఎక్కించేది నేనే. ఆయన స్టీరింగు దగ్గర కూర్చుని "జల్దీ, జల్దీ" అనేవాడు.

ముదురాకుపచ్చ రంగు వేసి మొదటిసారి రోడ్డెక్కించిన రోజు వీధిలో పిల్లలంతా "కప్ప! కప్ప!" అని వెంటపడ్డారు. గుండ్రటి లైట్లు, నేలకు అతుక్కుపోయిన ఒళ్ళు, ఆ రంగు. పేరు అదే నిలిచిపోయింది. మేమూ కప్ప అనే పిలిచేవాళ్ళం.

ఇక అసలు సంగతి. కప్పను నేను నడుపుతాను. ఆయనే నేర్పాడు, కిన్నెరసాని దారిలో, కోతులు తప్ప ఎవరూ చూడని చోట. లైసెన్సు కూడా తీయించాడు. దమ్మపేటలో మా అమ్మగారింటికి పోయినప్పుడల్లా అడవి దారంతా నేనే నడిపేదాన్ని. ఆయన పక్కన కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ, నాకో నాలుగు నోట్లో పెడుతూ వచ్చేవాడు. కానీ ఊరి పొలిమేర రాగానే బండి ఆపేవాళ్ళం. ఇద్దరం దిగి సీట్లు మారేవాళ్ళం. ఊళ్ళోకి ఆయన నడుపుకుంటూ పోయేవాడు, నేను పక్కన కొంగు సర్దుకుని కూర్చునేదాన్ని. వచ్చేటప్పుడూ అంతే. "మొగుణ్ని పక్కన కూసోబెట్టుకొని పెండ్లాం నడుపుతుంటే నలుగురు నవ్వరా?" అనేవాడు. ఆ నలుగురి కోసం ఎండలో దిగడం, ఎక్కడం, మళ్ళీ దిగడం. అట్లా నేను కారు నడుపుతానన్న సంగతి నాకూ ఆయనకూ ఆ కోతులకూ తప్ప లోకంలో ఎవరికీ తెలియకుండా పోయింది.

ఆయన అమ్మేద్దామన్న రోజే నేను చెప్పాను. "ఎందుకమ్ముడు? నేను నడుపుత. నువ్వు పక్కన కూసో."

"పక్కన మాత్రం ఎట్ల కూసుంట? అది గూడ గంతే కిందున్నది."

"స్టీరింగున్న సీటయితే ఎత్తు చేయరాదు, కాళ్ళు తగులుతయ్. పక్క సీటు చేయొచ్చు. మందంగ మెత్త కుట్టిస్త. తలుపు దిక్కు తిరిగి కూసొని కాళ్ళు లోపలికి తిప్పుకుంటే అయిపాయె."

ఊఁ అన్నాడు. నేను పనులన్నీ పక్కన పడేసి, మిగిలిన తోలుతో మెత్త కుట్టాను. బూరుగు దూది గట్టిగా కూరి, కుర్చీ ఎత్తు వచ్చేదాకా. తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక్కసారి కారులో వేసుకుని కూర్చుని చూస్తే ఏం పోయేది? చూడలేదు. వసారాలో కుర్చీ మీద వేసుకుని కూర్చున్నాడు. "మంచిగున్నదే" అన్నాడు. కారు కోసం కుట్టినది కుర్చీ మీదికి పోయింది. నేను ఇంకోసారి చెప్పాను, మరోసారి చెప్పాను. గోడకు చెప్పినా బాగుండేది.

అమ్మే పని మా బావగారి నెత్తిన పెట్టాడు. బావగారంటే మా ఆయన అన్న, పశువుల బేరగాడు. మధిర నుంచి దమ్మపేట దాకా ఏ సంతలో చూసినా ఎద్దుల మధ్య ఆయన తలపాగా కనపడుతుంది. "ఎద్దయితేంది, కారయితేంది, బేరం బేరమే" అన్నాడు. వచ్చినవాళ్ళకు కప్పను చూపించేటప్పుడు ఎద్దు వీపు చరిచినట్టు మడ్‌గార్డు మీద చరిచేవాడు. "ఏ తట్టు చూసినా మచ్చ లేదు, చూస్కో" అనేవాడు. వచ్చినవాళ్ళ మాటలు వింటుంటే నాకు పిచ్చెక్కేది. ఒకాయన మైలేజీ ఎంతిస్తదని అడిగి, ఏసీ పెట్టొచ్చా అన్నాడు. పైన కప్పే లేని కారుకు ఏసీ! ఇంకొకాయనకు బరాతులకు కిరాయికి తిప్పడానికి కావాలట, వెనక పెళ్ళికొడుకు నిలబడడానికి కోసి జాగా చేయిస్తాడట. వాణ్ని నేనే పంపించేశాను. బావగారు నా మీద కస్సుమన్నారు.

చివరికి హనుమకొండ నుంచి ఒకాయన వచ్చాడు. హైవే మీద హోటలు కట్టాడు. నల్లద్దాలు పెట్టుకుని, బండి చుట్టూ ఒకసారి తిరిగి, "హోటల్ ముందట పెడ్త. జనం ఫోటోలు దిగుతరు" అన్నాడు. నేను చాయ్ పళ్ళెం పట్టుకుని పక్కనే ఉన్నాను.

"ఎవలు చేసిన్రన్నా ఇదంత?" అని మా ఆయన్ని అడిగాడు.

"అంత నేనే చేసిన" అన్నాడు మా ఆయన.

అంతా నువ్వే చేశావా? వేళ్ళలో విరిగిన సూదులు దిగింది ఎవరికి? సరే, మగవాళ్ళ మధ్య ఏదో గొప్పకన్నాడులే అని పళ్ళు బిగపట్టాను. అంతలో ఆ నల్లద్దాలాయన లోపల కూర్చుని సీటు మీద వేలితో గీకి, "సీట్లు మాత్రం ఎవడో గల్లీ దర్జీ కుట్టినట్టున్నడు. పీకి పారేసి హైదరాబాద్‌ల మంచిగ చేపియ్యాలె" అన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది. పళ్ళెం అక్కడే అరుగు మీద ఠంగున పెట్టేశాను. మా ఆయన తల ఎత్తలేదు. బానెట్టులో ఏదో చూస్తున్నట్టు వంగబోయాడు, మోకాళ్ళు వంగలేదు, గుడ్డతో చెయ్యి తుడుచుకుంటూ నిలబడ్డాడు.

అప్పుడు అందరి ముందూ అన్నాను. "ఈ బండి అమ్మేది లేదు. నేను నడుపుకుంట."

బావగారు పగలబడి నవ్వారు. "నువ్వా? కుట్టు మిషిననుకున్నవా, కాలుతోటి తొక్కుతే పోవుటానికి?" నల్లద్దాలాయన కూడా నవ్వాడు. ప్రహరీ మీద నుంచి తొంగిచూస్తున్న పక్కింటివాళ్ళూ నవ్వారు.

నేను మా ఆయన మొహం చూశాను. ఒక్క మాట. "అవ్, నడుపుతది" అంటే చాలు. ఆ ఒక్క మాట ఈ భూమి మీద ఆయన తప్ప ఇంకెవరూ చెప్పలేరు. నవ్వులన్నీ అక్కడికక్కడే ఆగిపోయేవి. ఆయన గుడ్డను మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు. నోరు మాత్రం విప్పలేదు.

బేరం తువ్వాల కింద జరిగింది. సంతలో ఎద్దులకు చేసినట్టే, బావగారు భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పారు. ధర నోటితో చెప్పరు, కింద వేళ్ళు పట్టుకుని చెప్పుకుంటారు. నా ఇంటి వాకిట్లో, నేను సీట్లు కుట్టిన కారును, నా కళ్ళెదురుగానే గుడ్డ చాటున అమ్మేశారు. ఎంతకో కూడా నాకు తెలియదు. తువ్వాల తీశాక బావగారు, "మరదలా, పసుపు కుంకుమ పట్టుకరా. ఇంటి ఆడది బొట్టు పెట్టి పంపాలె" అన్నారు. ఎద్దు గుమ్మం దాటేటప్పుడు చేసే పద్ధతే.

లోపలికి పోయాను. పసుపు కుంకుమల పళ్ళెం తీసుకుంటుంటే గోడకు మేకు కనపడింది. మేకుకు పలుపు వేలాడుతోంది. ఒకప్పుడు మాకున్న ఎద్దుల జతను అమ్మినప్పటిది. కొన్నవాడు తాడు తెచ్చుకోలేదు, ఆ పలుపుతోనే తోలుకుపోతానని ఎంత బతిమాలినా బావగారు ఇవ్వలేదు. పశువునిస్తాం గానీ పలుపునివ్వం, ఇస్తే ఇంట్లో ఇంకో పశువు నిలవదని, తన చేత్తో విప్పి, చుట్టి, ఆ మేకుకు తగిలించారు. కొన్నవాడు పోయి కొట్లో కొత్త తాడు కొనుక్కొచ్చాడు. పుట్టి బుద్ధెరిగాక ఒక్క పలుపు కూడా పరాయివాడి చేతికి ఇవ్వలేదని బావగారికి పెద్ద గొప్ప. పది మందిలో చెప్పుకుంటారు కూడా.

పళ్ళెంతో పాటు కత్తెరా, కుట్లు విప్పే బ్లేడూ తెచ్చాను. కప్పకు బొట్టు పెట్టాను. పెట్టి, తలుపు తీసి లోపల కూర్చుని సీటు కుట్లు విప్పడం మొదలుపెట్టాను.

"ఏంది, ఏం చేస్తున్నవక్కా?" అని నల్లద్దాలాయన పరుగెత్తుకొచ్చాడు.

"పలుపు విప్పుకుంటున్న."

"కారుకు పలుపేంది?"

"నాకేమెరుక? తువ్వాల కింద బేరం చేసింది మీరే గదా. ఎద్దు బేరమయినప్పుడు ఎద్దు పద్ధతే. అడుగు మా బావగారిని, పలుపిస్తడేమో."

బావగారు తలపాగా సర్దుకున్నారు. నేను వదల్లేదు. "చెప్పు బావా. ఎన్నడన్న ఇచ్చినవా? ఇయ్యాల ఇస్తవా?"

"అది... సీటు గదనే..."

"పీకి పారేస్త అన్నడు గద ఆయన. పారేసేదానికి ఈడనే తీసిస్తున్న. హనుమకొండ దాక మోసుడు తప్పుతది."

పక్కింటివాళ్ళు ఈసారి నవ్వలేదు. వాళ్ళల్లో ఒక ముసలామె, "పలుపు ఇంటిదేనయ్యా, ఆమె అడిగినంక కాదనొద్దు" అంది. బావగారి మొహం చూడాల్సింది. తన పద్ధతి తన మెడకే చుట్టుకుంది. చివరికి నల్లద్దాలాయన భుజం మీద చెయ్యి వేసి, "పోనీ తమ్మీ, ఎట్లన్న నువ్వు కొత్తయి చేపిస్తవ్" అన్నారు.

నేనేమీ తొందరపడలేదు. చింపలేదు కూడా. కుట్టినప్పుడు ఎట్లా కుట్టానో అట్లాగే ఒక్కొక్కటీ విప్పాను. వాళ్ళు ఎండలో నిలబడి చూశారు. బూరుగు దూది వాకిలంతా ఎగిరింది. నల్లద్దాల మీద వాలింది, తలపాగా మీద వాలింది. మా ఆయన మెల్లగా దగ్గరికొచ్చి, "దూది గూడ తీసుడేనా?" అన్నాడు. "తీసుడే" అన్నాను. కిందున్న స్ప్రింగులూ పట్టీలూ బయటపడ్డాక దిగాను. బావగారు చేసేదేమీ లేక బేరం చేసిన ఆ తువ్వాలనే మడిచి స్ప్రింగుల మీద పరిచారు. నల్లద్దాలాయన దాని మీద కూర్చుని, "అబ్బా" అని ఓసారి లేచి, మళ్ళీ కూర్చున్నాడు.

టాపు జోలికి మాత్రం నేను పోలేదు. ఖమ్మం దిక్కున మబ్బు పట్టి ఉంది. దారిలో బండి తడిస్తే నాకే బాధ. వెనక మడిచి కట్టి ఉన్న కాన్వాసును ఒకసారి సర్ది వదిలేశాను. కప్ప వీధి మలుపు తిరిగేదాకా దాని చప్పుడు వింటూ నిలబడ్డాను. రెండో గేరు వాడు తప్పుగా వేశాడు, కర్రుమంది. లోపలికొచ్చి ఏడ్చాను. దాచేదేముంది, ముక్కు ఎర్రబడేదాకా ఏడ్చాను.

మధ్యాహ్నం వాన మొదలైంది. నేను మిషను దగ్గర తోలు ముక్కలు తుడుచుకుంటున్నాను. మా ఆయన వసారాలో నేను కుట్టిన మెత్త మీద కూర్చున్నాడు. ఆయన సెల్లు మోగింది. నల్లద్దాలాయన తిరుమలాయపాలెం దగ్గర రోడ్డు పక్కన ఉన్నాడు. గొంతు నాకు ఇక్కడికి వినపడుతోంది. "అన్నా, టాపు పడుతలేదన్నా! ముందట తగిలిస్తే ఎనక అందుతలేదు. నిండ నానిపోయిన. ఎట్లెయ్యాలె, జల్దీ చెప్పన్నా!"

మా ఆయన సెల్లు చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. తర్వాత నా వైపు చూసి, సెల్లులో అన్నాడు. "నాకు తెల్వదు తమ్మీ. నేనెన్నడు ఎయ్యలే. అది కుట్టింది ఆమె, ఏసేది ఆమె. సీట్లు గూడ ఆమె కుట్టినయే. బండి నడిపేది గూడ ఆమెనే. అసలు బండి ఆమెది. ఆమెనడుగు."

సెల్లు నా వైపు చాచాడు.

తీసుకున్నాను. కప్ప నానుతోంది కదా, దానిదేం తప్పు? "ముందర తగిలిచ్చినయి విప్పు" అన్నాను. "మొదలు ఎనక బొత్తాలు పెట్టు. రెండు దిక్కుల తాళ్ళు వదులు చెయ్యి. గప్పుడు ముందరికి లాగి కొక్కేలకెయ్యి. లాగేటప్పుడు గట్టిగ గుంజకు, కుట్టు పోతది." అటువైపు కొంచెం సేపు వాన చప్పుడు, గొణుగుడు. తర్వాత "పడిందక్కా" అన్నాడు. సెల్లు కట్ చేశాను.

"ఇప్పుడన్నదేందో పొద్దున అనకపోతివి?" అని మా ఆయన్ని అడిగాను. "అప్పుడు నీ నోట్ల ఏమున్నది?"

"ఇప్పుడన్న గదా" అన్నాడు.

ఇప్పుడన్నాడట! బండి గుమ్మం దాటి, ఖమ్మం దాటి, వానలో ఎవడి కిందో నానుతున్నప్పుడు అది నాదని చెప్పాడు. నా చేతిలో తోలు ముక్కలు ఉన్నాయి. ఆయన మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. చుట్ట చుట్టి, లోపలికి తీసుకుపోయి, పలుపు పక్కన మేకుకు తగిలించాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయి.

ఆ మాట ఆయనకు తర్వాత బాగా అలవాటైంది. ఇంటికి ఎవరొచ్చినా మెత్త మీద సర్దుకుని కూర్చుని, "మా ఆమె కారు నడుపుతది, ఎరికేనా?" అని గొప్పగా చెప్తాడు. వచ్చినవాళ్ళు వాకిట్లోకి తొంగిచూసి "ఏదమ్మా కారు?" అని నన్నడుగుతారు. నేను మిషను మీద నుంచి తల ఎత్తను. "నాకు తెల్వదు, ఆయననడుగున్రి" అంటాను.